తూకం నాడు తీసిన రెండు పైపులు

దోహా,
18 నవంబరు 2019, సోమవారం.

శ్రీయుత కృష్ణప్రసాద్ గారి సముఖమునకు,
సాంకేతిక తనిఖీ అధికారి,
తేలికపాటి విమానాల క్లబ్బు,
అల్ హిలాల్ కార్యాలయం.

అయ్యా,

విషయం: ఈ నెల 8వ తేదీన తాము తూచి, సీలు వేసి, ఎగురుటకు అర్హమని సంతకం చేసిన ఒంటి సీటు విమానమును 22వ తేదీ శుక్రవారం నాటి ప్రదర్శనలో ఎగరనీయవద్దని కోరుట; మరియు దానిని బాగుచేసిన వ్యక్తి మీద ఫిర్యాదు.

ఫిర్యాదు చేయువారు: ఆడెపు భూమేష్, వయస్సు 46, స్వస్థలం జగిత్యాల జిల్లా, వృత్తి స్టేడియం పైకప్పు మీద అల్యూమినియం పని.
ఎవరి మీద: సదరు ఆడెపు భూమేష్.

ఈ అర్జీని మొదట ఇంగ్లీషులో మూడు సార్లు రాసి చించితిని. ప్రతిసారీ తప్పు మరెవరో చేసి పోయినట్లు, నేను పక్కన సాక్షిగా నిలబడినట్లు వచ్చినది. తాము తెలుగువారు గనుక, నాకు దాక్కొనుటకు చోటు లేని భాషలో రాయుచున్నాను. వివరములు క్రమముగా మనవి చేయుచున్నాను.

1. సదరు విమానము రఫీయుద్దీన్ గారిది. వారు నిజామాబాద్ వాస్తవ్యులు, ఐన్ ఖాలిద్‌లో కాపురం, ఏసీ సామాన్ల వ్యాపారం. 2016లో దేశం విడిచిపోవు ఒక ఆస్ట్రేలియా దొర దగ్గర దీనిని తీసుకొనిరి. అప్పటికి ఒక రెక్క విరిగి, గుడ్డ చినిగి, ఇంజను మీద పావురం గూడు పెట్టి ఉండెను. నా చేతిపని తెలిసినవారు కావున నన్ను పిలిచి, అల్ రువైస్ పోవు రోడ్డు మీది మన క్లబ్బు షెడ్డులో దానిని చూపి, “భూమేష్ భాయ్, ఇది మళ్ల లేస్తదా?” అని అడిగినారు. “డ్రాయింగు ఉంటె లేస్తది రఫీ భాయ్,” అంటిని. అది మొదలు మూడేండ్ల శుక్రవారములు దీనికే పెట్టితిని.

నేను ఇంజనీరును కాను. పదవ తరగతి తర్వాత నేను చదివినవి డ్రాయింగులు మాత్రమే. అందుచేత ప్రతి భాగమునకు ఒక నంబరు, దాని కొలత, అది లేకున్న ఏమి జరుగునో ఒక వాక్యము రాసి పదకొండు పేజీల జాబితా తయారుచేసితిని. తాము దానిని జిరాక్స్ తీయించి, “కొత్తగా కట్టేవాళ్ళంతా ఇది చూసి నేర్చుకోండి,” అని షెడ్డు గోడకు అంటింపజేసినారు. 8వ తేదీ తర్వాత ఆ గోడ వైపు ముఖం పెట్టి నేను నడవలేదు.

2. మన క్లబ్బు నిబంధన ప్రకారం ఈ తరగతి విమానము ఖాళీ బరువు 115 కిలోలు మించరాదు. అక్టోబరు 25న నా అంతట నేను తూచుకొనగా 116.4 వచ్చినది. ఒక కిలో నాలుగు వందల గ్రాములు ఎక్కువ. దానిని న్యాయముగా తగ్గించుటకు నాలుగు మార్గములు నాకు తెలియును. సీటు మార్చుట, వెనుక చక్రం మార్చుట, రంగు గీకి పలుచగా మళ్ళీ వేయుట, తోక గుడ్డ విప్పి కొత్తది చుట్టుట. నాలుగింటికి కలిపి రెండు నెలలు పట్టును. కాని ఈ నెలాఖరు దాటితే వరల్డ్ కప్ అయిపోయేదాకా కొత్త విమానములకు అనుమతి ఇవ్వరని షెడ్డులో అందరూ అనుకొనుచుండిరి. అంటే మూడేండ్లు. రఫీయుద్దీన్ గారికి ఇప్పటికి యాభై మూడు నిండినవి, బీపీ కూడా ఉన్నది. “మూడేండ్లా? అప్పటికి నన్నే పెట్టెల పెట్టి పార్సిల్ చేస్తరు భాయ్,” అని ఆయన నవ్వినారు. ఆ నవ్వు నాకు సాకుగా దొరికినది.

3. మా పనివారి క్యాంపులోని ఒక ఆచారమును ఇక్కడ చెప్పక తప్పదు. సెలవు మీద ఊరికి పోవు ప్రతివాని సామాను నేనే కట్టుదును. పెట్టెను కొక్కెం కాటాకు తగిలించి తూచి, తాడు అల్లి, పేరు రాసి ఇచ్చెదను. చేతిసంచి ఏడు కిలోలు దాటరాదు గాని అందరి సంచులు పది కిలోలు ఉండును. దానికి పద్ధతి ఏమనగా, కౌంటరుకు పోకముందు ఇస్త్రీపెట్టె, టార్చిలైటు, పాలపొడి డబ్బాలు తీసి సాగనంప వచ్చినవాని చేతికి ఇచ్చుట. సంచి తూచి చీటీ కట్టగానే పక్కకు వచ్చి అన్నీ తిరిగి నింపుకొనుట. మా అందరిలో పెద్దవాడు బుచ్చన్న కొత్తవారికి చెప్పు మాట ఒక్కటే: “కాటా మీద ఉన్నంతసేపే బరువు బిడ్డా. కాటా దిగినంక సంచి నీది, నీ ఇష్టం.” నేను ఈ పద్ధతిని వంద మందికి తక్కువ కాకుండా నేర్పితిని. ఎవరికీ హాని జరగలేదు. హాని జరగనందున అది తప్పని ఎన్నడూ తోచలేదు.

బుచ్చన్నను దీనిలోకి లాగవద్దని ప్రార్థన. ఆయన సంచుల సంగతి చెప్పినాడు. విమానమునకు వర్తింపజేసినది నేను.

4. నవంబరు 7వ తేదీ గురువారం డ్యూటీ దిగి షెడ్డుకు పోయి, రెండు రెక్కలను కింద నుండి మోయు ఊతల లోపల బలమునకు దూర్చిన పైపులను బయటకు లాగితిని. ఒక్కొక్కటి తొమ్మిది వందల గ్రాములు. బోల్టులు యథాప్రకారం బిగించితిని. బయట నుండి చూచువారికి తేడా తెలియదు. తూకం కాగానే తిరిగి వేయుదునని నాకు నేను చెప్పుకొంటిని.

మరునాడు మూడు చక్రముల కింద మూడు కాటాలు పెట్టి తాము లెక్క కలిపి చదివినారు: 114.6. “ఏమయ్యా భూమేష్, విమానం కట్టావా, కంసాలి పని చేశావా? నాలుగొందల గ్రాములు మిగిల్చావే,” అని తాము అనగా అందరూ నవ్వినారు. రఫీయుద్దీన్ గారు నన్ను కౌగిలించుకొని వదలలేదు.

ఆ తర్వాత జరిగినది నేను ఊహించనిది. సంచికైతే చీటీ కట్టుదురు. తాము తీగ, సీసము తెప్పించి, ఊతల నాలుగు బోల్టులకు అక్కడికక్కడే సీలు వేయుట మొదలుపెట్టినారు. నాల్గవ దాని దగ్గర ఆగి, “ఇంకేమైనా పని మిగిలిందా? ఇది నొక్కితే మళ్ళీ విప్పడానికి లేదు,” అని నా ముఖం చూసి అడిగినారు.

“ఏం లేదు సార్,” అంటిని.

ఆ సమయమున ఆ రెండు పైపులు నా లుంగీలో చుట్టి తమ కుర్చీ వెనుకనే ఉండెను. ప్రస్తుతం ఒకటి నా మంచం కింద ఉన్నది. రెండవదానిని మా గదివారు చూసి, గోడకు అడ్డంగా కట్టి తువ్వాళ్ళు ఆరవేయుచున్నారు. వద్దని చెప్పవలెనంటే కారణం చెప్పవలసి వచ్చునని ఊరకుంటిని.

5. ఆ పైపుల పని ఏమిటో తెలియక చేసితినని తాము దయతో అనుకొనవచ్చు. అట్లు అనుకొనవద్దు. జాబితాలో 41వ వరుస చూడుడు. నా అక్షరములే: “ఇది లేకున్న గాలి కుదుపుకు ఊత వంగును. ఊత వంగిన రెక్క నిలువదు.” సెప్టెంబరులో పైపులు లోపల ఉండగా తాము టార్చి వేసి చూసి, ఆ వరుస ఎదుట సంతకం చేసినారు. నాడు అది నిజమైన సంతకం. దానిని అబద్ధపు సంతకముగా మార్చినవాడను నేను.

6. 15వ తేదీ శుక్రవారం రఫీయుద్దీన్ గారి ఇంట భోజనమునకు పిలిచినారు. వారి భార్య జహనారా గారు ఈ మూడేండ్లలో ఒక్కసారియైనా షెడ్డు గడప తొక్కలేదు. విమానమును ఆమె “నా సవతి” అని పిలుతురు. ఆ రోజు నాకు అన్నం వడ్డించి, గరిటె చేతిలో పట్టుకొనియే నిలబడి అడిగినారు.

“భూమేష్ భాయ్, నాకు ఈ సీళ్లు, కాగితాలు తెల్వయ్. ఈయన మాట నేను నమ్మ. నువ్వు చెప్పు. గట్టిగున్నదా?”

“గట్టిగున్నది భాభీ.”

“నీ చేతితోని చూసినవా?”

“చూసిన.”

“బస్. అయితె శుక్రవారం నేను సుత వస్త చూడనీకి.”

రఫీయుద్దీన్ గారు సంతోషముతో, “చూసినవా, నా మాట చెల్లదు, ఇంజనీర్ సాబ్ మాట చెల్లుతది,” అన్నారు. నేను తల వంచుకొని తింటిని. రెండోసారి వడ్డించినప్పుడు కూడా వద్దనలేదు. ఆ సంగతి రాయుటకే అన్నింటికన్న ఎక్కువ సిగ్గుగా ఉన్నది.

7. ఈ పది రోజులు ఏమి చేసితివని తాము అడుగుదురు. సీలు తెంపి, పైపులు వేసి, దొంగ సీలు నొక్కవచ్చునా అని ఆలోచించితిని. సీసము కూడా సంపాదించితిని. పట్టకారుతో రెండుసార్లు షెడ్డు దాకా పోయి వెనుదిరిగితిని. క్యాంపులో నన్ను ఇంజనీర్ అందురు. మెస్సులో నాకు జాగ ఇచ్చి కూర్చుందురు. ఒక ప్రక్క రఫీయుద్దీన్ గారి ప్రాణం, మరొక ప్రక్క ఆ పిలుపు పెట్టుకొని, ఏది బరువో తెలియనట్లు పది రోజులు కూర్చుంటిని.

కావున తమరిని కోరునది:

అ) శుక్రవారం నాడు వరల్డ్ కప్ అతిథుల ముందు జరుగు ప్రదర్శన నుండి సదరు విమానమును తొలగించవలెను. ఇది ఒక్కటి చేసి మిగిలినవి చేయకున్నను చాలును.

ఆ) రఫీయుద్దీన్ గారికి ఏమియు తెలియదు. ఆయన లైసెన్సు మీద మచ్చ పడకుండా చూడవలెను.

ఇ) గోడ మీది జాబితాను చించివేయవలెను. 41వ వరుస ఎదుటి సంతకమును తాము రద్దు చేసుకొనుటకు సాక్ష్యముగా ఈ అర్జీని వాడుకొనవచ్చును.

ఈ) పైపులు తిరిగి వేసి, అందరి ఎదుట తూచి, 116.4 అని షెడ్డులోని బరువుల పలకపై రాయనివ్వవలెను. ఆ రాత నా చేత రాయించకున్నను పరవాలేదు. విమానము తరగతికి రాకపోయిన రాకపోనీయుడు.

ఉ) నాకు ఏ శిక్ష తగునో దానికి కూడా నాలుగు మార్గములు రాసి ఉంచితిని. మళ్ళీ చదువగా నాలుగూ తేలికపాటివే అనిపించి కొట్టివేసితిని. తామే నిర్ణయించవలెను.

పైన రాసినది ప్రతి అక్షరము నాది, ప్రతి తప్పు నాది. తాము చిత్తగించవలెను, క్షమించుమని అడుగుట లేదు.

ఈ మాటకు ప్రస్తుతం అర్హత లేకున్నను,
తమ విధేయుడు,
ఆడెపు భూమేష్.

తా.క. సార్, అర్జీ కవరులో పెట్టిన తర్వాత, తమకంటె ముందు రఫీయుద్దీన్ గారికి చెప్పుట ధర్మమని ఐన్ ఖాలిద్ పోతిని. అంతా విన్నారు. తిడుదురని నిలబడితిని. తిట్టలేదు. “రెండు పైపులే గద. శుక్రవారం ఒక్క చక్కర్ కొట్టి దిగుత, తర్వాత వేద్దువు. నీ చెయ్యి మీద భరోసా ఉన్నది నాకు,” అని భుజం తట్టి దుకాణానికి పోయినారు. నా చెయ్యి మీద భరోసా వల్లనే ఆయన చస్తారని ఎట్ల చెప్పాలె సార్? కాగితం తమ బల్ల మీద గురువారం దాకా ఉండిపోతే?

జహనారా గారు తలుపు పక్క నుండి విన్నారు. వెంటనే కారు తాళాలు తీసుకొన్నారు. షెడ్డుకు పోయి ప్రొపెల్లర్ బోల్టులు ఆరు విప్పితిని. ఆమె చున్నీ కొంగులో పట్టుకొన్నారు. యజమాని అనుమతి లేకుండా, తనిఖీ అయిన విమానము నుండి భాగము తొలగించుట నేరము. దానిని 8వ నంబరుగా చేర్చుకొనగలరు.

ప్రొపెల్లర్ తమ కార్యాలయం మెట్ల పక్కన గోడకు ఆనించి ఉన్నది. ఈ మాటలు కారు బానెట్టు మీద పెట్టి రాయుచున్నాను. గంటకు పైగా కారు నడిపిన జహనారా గారు ఇప్పుడే అద్దం దించినారు.

“సాబ్ లోపల్నే ఉన్నడు గద?”

“ఉన్నడు భాభీ.”

“మరి ఇంక రాసుడేంది? పో.”

కావున ఇంతటితో ఆపి లోపలికి వచ్చుచున్నాను.