నీలి చేతి గాజులు

28 సెప్టెంబర్ 2011, బుధవారం

తెలంగాణ కోసం సమ్మె మొదలై రెండు వారాలు దాటింది. స్కూలుకు తాళం. రోడ్డు మీద బస్సు లేదు. ఇంట్లో కూర్చుని గోడలు చూడటం నా వల్ల కాదు. అందుకే చర్చి వాళ్ళ మిషన్ ట్రిప్‌కు పేరిచ్చాను. వాక్యం చెప్పడానికి రాజ్‌కుమార్ పాస్టర్ గారు, పాటలకు స్రవంతి, సాక్ష్యానికి నేను. నెల్లికుదురు దగ్గర ఒక లంబాడీ తండా.

రాజేందర్ రఘునాథపల్లి నుంచి జనగామ స్టేషన్ దాకా బండి మీద దింపాడు. నా మొగుడు ఏ పనికీ అడ్డుపడే రకం కాదు. రైళ్ళు ఎప్పుడు ఆపుతరో ఎరుక లేదు, మల్ల ఎట్లొస్తవ్ అని మాత్రం అడిగాడు. తీసుకెళ్ళిన దేవుడు తీసుకురాడా అన్నాను. దేవునికి కూడ పెట్రోల్ దొరకాలె గదా అన్నాడు. మనిషి మొహం చూస్తే అమాయకుడు. నోరు మాత్రం కాదు.

ఒక్కరు చాలు. ఒక్కరినైనా ప్రభువు దగ్గరికి నడిపించకుండా తిరిగి రాను. రాసి పెట్టుకుంటున్నాను.

29 సెప్టెంబర్

తండా పెద్ద అమర్‌సింగ్ ఒక ఖాళీ గది ఇచ్చాడు. ఓట్లకైతే రాలే గదా అని అడిగాడు. కాదన్నాం. జై తెలంగాణ అంటరా మరి అన్నాడు. పాస్టర్ గారు నసుగుతుంటే నేనే గట్టిగా అనేశాను. గింత గొంతున్న మనిషి ఉంటే మైకు దేనికి అని నవ్వాడు.

ఆడవాళ్ళందరూ నా మొహం కంటే నా చేతులే చూశారు. గంగి అనే పెద్దామె నా మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఎప్పుడు వోయిండు బిడ్డా అని అడిగింది. ఎవరు అన్నాను. నీ పెనిమిటి అంది. అయ్యో, నిక్షేపంగా ఉన్నాడమ్మా, మా సంఘంలో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళం నగలూ గాజులూ వేసుకోం, నేను తీసి పదేళ్ళయింది అని చెప్పాను. నమ్మలేదు. చ్చొచ్చో అంటూ నా కొంగులో ఇన్ని ఉడకబెట్టిన పల్లికాయలు పోసింది.

గదికొచ్చి స్రవంతికి చెప్తే పొట్ట పట్టుకుని నవ్వింది. రాజేందర్‌కు తెలిస్తే వారం రోజులు ఇదే చెప్పుకుంటాడు.

30 సెప్టెంబర్

ఎవరికీ తీరిక లేదు. సగం మంది పత్తి చేన్లకు, సగం మంది మానుకోటలో ధర్నాకు. ఉన్న ఒకాయన్ని పట్టుకుని మాట్లాడాను. తెలంగాణొస్తే నౌకర్లొస్తయంటున్నరు, మీ దేవుడొస్తే ఏమొస్తది అని అడిగాడు. శాంతి అన్నాను. జీతమెంత అన్నాడు. నా క్లాసులో అయితే బెంచీ ఎక్కించేదాన్ని.

సాయంత్రం గంగి కోడలు నీలి తనంతట తానే వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. మొగుడు వాల్యా హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోయాడట. కొన్ని రోజులుగా ఫోన్ కలవడం లేదు. అక్కడ లాఠీలు, అరెస్టులు అని విని హడలిపోతోంది. మీ దేవుడు దూరమున్నోళ్ళను గూడ సూస్తడా అక్కా అని అడిగింది. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం కాపరి తొంభైతొమ్మిదింటిని వదిలి వెతుక్కుంటూ పోయిన కథ చెప్పాను. అంతా విని, కడమ గొర్లను ఎవలికి అప్పజెప్పి పోయిండు అని అడిగింది. ఇన్నేళ్ళుగా చెప్తున్నాను ఈ కథ. ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు. ఆలోచించి చెప్తానన్నాను.

1 అక్టోబర్

మీ దేవునికి మా మాట వస్తదా అని అడిగింది నీలి. వస్తుంది, నువ్వే మాట్లాడి చూడు అన్నాను. కళ్ళు మూసుకోలేదు. నెల్లికుదురు రోడ్డు వైపు చూస్తూ లంబాడీలో మాట్లాడింది. బతిమాలడం కాదు, తగువు. నాకు అర్థమైన మాట వాల్యా ఒక్కటే. నా ప్రార్థనల్లో అంత దమ్ము ఎప్పుడూ లేదు.

2 అక్టోబర్, ఆదివారం

నీలి బాప్తిస్మం తీసుకుంటానంది! ఎగిరి గంతేశాను. గంగిని అడిగితే, మునగనీ, నీళ్ళే గదా, నా కొడుకు మంచిగొస్తే సాలు అంది.

మంగళవారం పొద్దున కుంటలో అని పాస్టర్ గారు నిర్ణయించారు. తర్వాత నన్ను పక్కకు పిలిచారు. మోచేయి పైనుంచి భుజం దాకా తెల్ల గాజులున్నాయి నీలికి. అవి తీయించు సుమనా, ఆడవాళ్ళ సంగతి నీది అన్నారు.

3 అక్టోబర్, సాయంత్రం 6

గంట పట్టింది. తియ్యొద్దక్కా, తియ్యొద్దు అని ఒకటే మాట. నగల మీద మమకారం నాకు తెలియనిదా? నేనూ ఆడదాన్నే. నా గాజులు తీసినప్పుడు నాకూ మనసొప్పలేదు. దేవుడు ఎక్కువా, గాజులు ఎక్కువా అని సూటిగా అడిగాను. నేల చూస్తూ చేతులు చాపింది.

పెళ్ళినాటివట, రావడమే లేదు. ఎర్ర సబ్బు నురగ చేసి భుజాల దాకా రాసి ఒక్కొక్కటీ లాగాను. కింద చర్మం పాలిపోయి ఉంది. ఏడ్చింది పిల్ల. పశ్చాత్తాపం అంటే ఇది. నేనూ ఏడ్చాను. గాజులు కవర్లో చుట్టి నా బ్యాగులో పెట్టాను.

ఒక్కరన్నాను. ఒక్కరు దొరికారు. ప్రభువుకు స్తోత్రం.

4 అక్టోబర్, పొద్దున 6

తండా అంతా ఏడుస్తోంది. నా వల్ల.

అదే రోజు, 11 గంటలు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

లంబాడీ ఆడమనిషి దండచేతి గాజులు తీసేది ఒక్కసారే. మొగుడు పోయినప్పుడు.

రాత్రి కరెంటు లేదు, గంగి చేనునుంచి వచ్చి కోడలిని సరిగ్గా చూడలేదు. తెల్లారి నీలి బిందె ఎత్తితే కొంగు జారింది. బోసి చేతులు చూసి గంగి కేక పెట్టింది. కొడుకు చచ్చిన కబురు వచ్చిందని, కోడలు దాచిందని అనుకుంది. నేల మీద పడి వాల్యా పేరు పెట్టి రాగం తీసింది. పక్కింటివాళ్ళు అందుకున్నారు. నీలి కాదు, కాదు అని అరుస్తూనే ఉంది. ఎవరు వింటారు? అమర్‌సింగ్ వాల్యాకు ఫోన్ కొట్టాడు. స్విచ్చాఫ్. దాంతో మొగవాళ్ళు కూడా తలపాగలు తీశారు.

నేను పరుగెత్తుకెళ్ళి, నేనే తీయించాను, ఎవరూ చావలేదు అని చెప్పాను. ఏడుపు ఆగింది. గంగి లేచి నా ఎదురుగా నిలబడింది. నీ మొగడు సచ్చిండు, నా కోడలిని గూడ నీ తీరు జేస్తివా అంది. నీలి వైపు తిరిగి, ఉన్నోని మీదికి సావు తెస్తివి గదనే అంది. చెంప మీద కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

వాల్యా వచ్చి కండ్ల ముందర నిలవడేదాక నీలి ఇంట్లకు రావొద్దు అని అమర్‌సింగ్ తీర్పు చెప్పాడు. రాకపోతే అని మొదలుపెట్టి ఆపేశాడు. నీలి ఇప్పుడు పశువుల కొట్టంలో ఉంది. ఇది ముందే నాకెందుకు చెప్పలేదే అని అడిగాను. దేవుడు ఎక్కువనా గాజులు ఎక్కువనా అంటివి, ఇంక నేనేం జెప్పాలె అక్కా అంది.

నేను సోషల్ టీచర్‌ను. నా క్లాసులో తండా పిల్లలున్నారు. మీ అమ్మలు వేసుకునే ఈ గాజులేంటని ఒక్కరినీ ఏనాడూ అడగలేదు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

5 అక్టోబర్

పాస్టర్ గారు సామాను సర్దారు. సువార్త చెప్పేవాళ్ళకు హింస తప్పదు, సంతోషంగా వెళ్దాం అన్నారు. ఇది హింస కాదు అయ్యగారూ, మనం చేసిన తప్పు, దిద్దకుండా నేను కదలను అన్నాను. మొండితనం పరిశుద్ధాత్మ ఇచ్చే ఫలం కాదన్నారు. కాకపోతే కాకపోనీ. స్రవంతి ఏడుస్తూ ఆటో ఎక్కింది.

గంగి నా మాట వినదు. విధవ మాట ఎవరు వింటారు? ఫోన్‌లో చార్జింగ్ ఒక్క గీత ఉంది. రాజేందర్‌కు చేశాను. వెంటనే రా, నువ్వు బతికే ఉన్నావని ఇక్కడ చూపించాలి అన్నాను. అన్నం దిని బయల్దేరనా, గిట్లనే రావాల్నా అని అడిగాడు. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

6 అక్టోబర్, దసరా

రాజేందర్ మధ్యాహ్నం వచ్చాడు. చొక్కా మీద పప్పు మరక. దారిలో సమ్మె వాళ్ళు రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తుంటే బండి ఆపి, తింటే గాని కదలనియ్యమని కూర్చోబెట్టారట. యాడికి పోతున్నవన్నా అంటే, సావలేదని సాక్ష్యం జెప్పబోతున్న అన్నాడట. వాళ్ళు ఇంకో గరిటె వేశారట.

గంగి ముందు నిలబెట్టాను. ఆమె చుట్టూ తిరిగి చూసింది. చెయ్యి పట్టుకుంది, చెవి మెలిపెట్టింది. అబ్బా అన్నాడు. మనిషే అంది గంగి. నీడను కూడా చూసింది! పదేళ్ళ కింద నీ పెండ్లాం గాజులు దీస్తే నీకేం గాలేదా అని అడిగింది. జరమొచ్చింది గని, గది ఐస్‌క్రీం తిని అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. గంగి నవ్వలేదు గానీ మొహం కొద్దిగా విచ్చుకుంది.

తర్వాత నా వైపు తిరిగింది. మొగడున్నడు గదా, మరి గాజులెందుకు వెయ్యవు అంది. దేవుని కోసం అన్నాను. నీ దేవుడు అడిగిండా, మీ అయ్యగారు అడిగిండా అంది.

నేను రాజేందర్ చొక్కా మీది పప్పు మరక తుడవడం మొదలుపెట్టాను.

వాల్యా పనిచేసే సైటు హైదరాబాదులో ఉప్పల్ దగ్గరని అమర్‌సింగ్‌కు తెలుసు. అన్నా, నా బండి మీద పోయి తోలుకొద్దాం నడువు అన్నాడు రాజేందర్. నేను అడగనే లేదు. తెల్లారగానే పోతారు.

7 అక్టోబర్

వాళ్ళు వెళ్ళారు. కొట్టంలో నీలి పక్కన కూర్చున్నాను. పొద్దున గంగి ఒక రొట్టె తెచ్చి నీలి ముందు పెట్టి వెళ్ళింది. సాయంత్రం రెండు తెచ్చింది.

నా మీద కోపం లేదా అని నీలిని అడిగాను. ఉన్నది అంది. దేవుని మీద? ఆయన నా గాజులు గుంజలేదు గదక్కా అంది. మళ్ళీ రోడ్డు వైపు తిరిగి తన మాటలో తగువు పెట్టుకుంది. పక్కన కూర్చుని వాల్యా అన్న మాట వచ్చినప్పుడల్లా ఆమెన్ అన్నాను.

వాల్యాకు నిజంగా ఏమన్నా అయి ఉంటే? ఈ పిల్ల బతుకు ఈ కొట్టంలోనే తెల్లారుతుంది. ప్రభువా, నాకు ఒక్కరు దొరక్కపోయినా ఫర్వాలేదు. ఇతన్ని పంపు.

8 అక్టోబర్

వచ్చాడు! బండి మీద ముగ్గురు. మధ్యలో సిమెంటు కొట్టుకుపోయిన బట్టలతో వాల్యా.

ఫోన్ నీళ్ళ సంపులో పడిందట. అంతే. ఇంత గోస దానికి! గంగి ముందు ఒక చెంపదెబ్బ కొట్టింది, తర్వాత మెడ పట్టుకుని ఏడ్చింది. సావకముందే ఏడ్సుడు అయిపోగొట్టిండ్రా అన్నాడు వాల్యా. ఇంకో దెబ్బ పడింది.

నీలి కొట్టం గడప దాటి రాలేదు. బోసి చేతులు కొంగులో దాచుకుంది. వాల్యా తనే దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. ఏమన్నాడో నేను అడగలేదు, అది నాకు సంబంధించింది కాదు.

బ్యాగులోంచి గాజులు తెచ్చిచ్చాను. గంగి ముట్టలేదు. తీసినయి మల్ల ఎక్కియ్యరు, అవి సచ్చినోనివి అంది. కొత్తవి కొందామంటే దుకాణాలు బంద్. గంగి సబ్బు తెమ్మంది. నేను తెచ్చాను. ఆమె మొగుడు, ముసలాయన, ఎదురుగా కూర్చుని చూస్తుండగా తన చేతి గాజుల్లో సగం తీసింది. సగం ఉంచుకుంటే తప్పు లేదట. వాల్యా వాటిని నీలికి ఎక్కించాడు.

రెండు మిగిలాయి. గంగి నా చెయ్యి లాగింది. రాజేందర్‌ను పిలిచి, ఎక్కియ్యి అంది. పాపం, అతనికి చేతకాక నా మోచేయి గీరుకుపోయింది.

9 అక్టోబర్, ఆదివారం

మునుగుతా, గాజులతోనే మునుగుతా అంది నీలి. పాస్టర్ గారికి ఫోన్ చేశాను. తీస్తేనే వస్తానన్నారు. అయితే రావద్దు లెండి, నేనే ముంచుతాను అన్నాను. ఆడదానివి, నీకు అధికారం లేదన్నారు. తీయడానికి ఉన్న అధికారం ముంచడానికి లేదా అని అడిగాను. పెట్టేశారు.

కుంటలో నడుము లోతు నీళ్ళు. కొంగు దోపుకుని దిగాను. నీలిని ముంచి లేపాను. గాజుల్లోంచి నీళ్ళు కారాయి. గట్టు మీద గంగి పొడి చీర పట్టుకుని నిలబడింది. సలి వెడుతది, ఇగ రాయే అని అరిచింది.

గట్టెక్కాక నీలి చెవిలో చెప్పింది. కడమ గొర్లను అత్తకు అప్పజెప్పి పోయిండేమో అక్కా అని.

16 అక్టోబర్, ఆదివారం, పొద్దున 8

రఘునాథపల్లికి తిరిగొచ్చాం. మళ్ళీ రైల్ రోకో, బండిలో పెట్రోల్ లేదు. పాస్టర్ గారు ఫోన్ చేశారు. ఆరాధనకు వచ్చేముందు చేతులకున్న గాజులు తీసి రమ్మన్నారు. చర్చికి నడుచుకుంటూ వెళ్తున్నాను.

సబ్బు కావాల్నా అని రాజేందర్ అడిగాడు. వద్దన్నాను.