ఎర్ర చుక్క రాడ్లు

30-9-68

మిల్లులో ఆయుధ పూజ. ఇంటివాళ్లనీ రానిచ్చారు. తాయారు రాడ్ బిగించే హోల్డరుకి, సుత్తికి, ఆఖరికి డబ్బాలో ఉన్న నా వెల్డింగ్ రాడ్లకి కూడా ఒక్కొక్కదానికీ కుంకుమ బొట్టు పెట్టింది. కట్టుకున్న మొగుడి మీద కూడా అంత శ్రద్ధ లేదు. నవ్వాను కానీ వద్దనలేదు.

5-10-68

చెరుకు రసం మరిగే లైనుకి కొత్త వాల్వు బిగించాను. పైపు 18-8, వాల్వు 13 క్రోమ్. రెండూ స్టెయిన్‌లెస్ స్టీలే, జాతులు వేరు. మామూలు రాడ్‌తో అతికితే అతుకు ముదురుపాకంలా పెళుసెక్కుతుంది. అందుకని 25-12 రాడ్ వాడాలి. దాని కొసన కంపెనీవాళ్ల ఎర్ర చుక్క ఉంటుంది. చుక్క చూసుకునే తీశాను. అతుకు నున్నగా వచ్చింది. ఇంజనీరు జగన్నాధం గారు శభాష్ అన్నారు. నవంబరులో పర్మనెంట్ చేస్తారట!

7-10-68, సాయంత్రం

వాడి పడేసిన రాడ్ ముక్కలు ఏరుతుంటే ఒకదాని ఎరుపు బొటనవేలికి అంటింది. పెయింటు అంటదు. కుంకుమ అంటుంది.

ఇంకో రెండు ముక్కల ఎరుపూ అలాగే అంటింది. అవి మామూలు రాడ్లు.

8-10-68

పాత సైకిల్ డైనమోలోంచి అయస్కాంతం ఊడదీసి అతుకు చుట్టూ తిప్పాను. సరైన అతుకైతే పట్టీ పట్టనట్టు ఉండాలి. అడుగున జానెడు మేర టక్కున పట్టేసింది. అక్కడ పెళుసు. వేడెక్కితే పగులుతుంది.

డబ్బాలో రెండు రకాలూ కలిపేసినవాడిని నేనే. తొమ్మిదేళ్లు టెంపరరీగా పనిచేశాను. ఇప్పుడు నోరు విప్పితే ఏం మిగులుతుంది?

20-10-68

తాయారు వాళ్లన్న అప్పలసూరి బావ భోజనానికి వచ్చాడు. ఆ వాల్వు తిప్పే డ్యూటీ తనకే పడిందట. నీ అతుకు కింద కూకొని బువ్వ తినెత్తాన్రా సోములూ, అంత నమ్మకం నాకు, అన్నాడు.

ఏటైనాది నీకు, మెతుకు ముట్టనేదు, అని తాయారు ఒకటే గొడవ.

1-11-68

పర్మనెంట్ ఆర్డరు చేతికొచ్చింది. తాయారు దానిక్కూడా బొట్టు పెట్టింది.

3-11-68

రేపు ఎనిమిదింటికి లైను మొదలు. చెప్పలేదు.

4-11-68

ఆరింటికి జగన్నాధం గారి గుమ్మంలో నిలబడ్డాను. రాడ్లు చూసుకోకుండా కలిపేశానండి, అతుకు కోసెయ్యాలి, అన్నాను. ఆయన తిట్టలేదు. ఎప్పుడు తెలిసిందని మాత్రం అడిగారు. నెలైందని చెప్పాను. అప్పుడు తిట్టారు.

హాక్సా పట్టి నేనే కోశాను. దీపం పట్టుకున్నది బావ. లోపల పగులు అప్పటికే ఉంది, గోరు దూరేంత. బావ దాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఆర్డరు వెనక్కి తీసుకున్నారు. వచ్చే సీజనుకి చూస్తారట.

6-11-68

కుంకుమ సంగతి తాయారుకి చెప్పలేదు.

కోసి తీసిన ఆ అతుకు రింగు బావ అడిగి పట్టుకుపోయాడు. దేవుడి గూట్లో పెట్టుకున్నాడట. తాయారు వెళ్లి బొట్టు పెట్టి వచ్చింది.