రెండు తట్టల మన్ను

పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున. అనకాపల్లి కాపురస్తురాలు, కీర్తిశేషులు గుమ్మాల ఏసురాజు భార్య, మిషను దవాఖానాలో ఇరవై ఆరేళ్లు ఆయాగా పనిచేసి మానుకున్న ఆరోగ్యమేరి అను నేను, అరవై మూడేళ్ల వయసులో రాయించిన వీలునామా.

నా తెలివి నా దగ్గరే ఉంది. మోకాళ్లే లేవు. అవి చట్టానికి అక్కర్లేదని దస్తావేజు లేఖరి సన్యాసిరావు గారు చెప్పారు. నన్ను ఎవరూ బెదిరించలేదు, బుజ్జగించలేదు, మత్తు పెట్టలేదు. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలనీ, సొంత కవిత్వం కలపకూడదనీ లేఖరి గారితో ముందే ఒప్పందం. “సర్వహక్కులతో” అన్న మాట ఒక్కటి ఆయన ముచ్చట కొద్దీ ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

గత శుక్రవారం నేను రాయించిన వీలునామా రద్దు. అది ఎలా రద్దయిందో ఆరో కలములో ఉంది. చదివేవాళ్లు ముందే అక్కడికి గెంతవద్దు.

1. నన్ను ఏసురాజు పక్కనే పాతిపెట్టాలి. ఆయన గురక పెట్టేవాడు. అయినా పరవాలేదు, అలవాటైపోయింది.

2. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత రైతు జోగి గారికి అప్పగిస్తున్నాను. నాకు జాగా అమ్మింది ఆయనే. ఇచ్చిన మాట మార్చని మనిషి. మాట ఇవ్వడానికి ఆర్నెల్లు పడుతుంది, అది వేరే సంగతి. ఆయనకు నా నల్ల గొడుగు ఇస్తున్నాను. పొలం గట్టు మీద అరటాకు నెత్తిన పెట్టుకుని తిరగడం ఇకనైనా మానాలి. గొడుగు పుచ్చుకుంటున్నారు కాబట్టి ఆయన సాక్షి సంతకం చేయకూడదట. చేస్తే గొడుగు చెల్లదట.

పక్కింటి కాసులమ్మకు నా ఇత్తడి బిందె. ఆమె నా దగ్గర జల్లెడ పట్టుకెళ్లి ఇవ్వలేదు, రోకలి పట్టుకెళ్లి ఇవ్వలేదు. బిందె కూడా ఎలాగూ పట్టుకెళ్తుంది కాబట్టి నేనే ఇచ్చినట్టు ఉంటుంది. దవాఖానా దొరసాని నాకు బహుమతిగా ఇచ్చిన కత్తెర, నా తర్వాత పురుళ్లు పోస్తున్న చిన్నమ్మలుకు చెందాలి. దాంతో గుడ్డలు కత్తిరించకూడదు. మాకు పిల్లలు లేరు గానీ, ఈ ఊళ్లో చాలామంది బొడ్డు ఆ కత్తెరతోనే కోశాను. వాళ్లలో కొందరు ఇప్పుడు నన్ను చూసి పక్క సందులోకి తిరుగుతారు. వాళ్ల బొడ్లు నాకు గుర్తే.

3. స్థిరాస్తి. గవరపాలెం దాటాక నూట యాభై గజాల జాగా, అందులో రెండు గదుల పెంకుటిల్లు, వంటచావిడి. హద్దులు: తూర్పున జోగి గారి చెరకు తోట. దక్షిణాన బళ్ల బాట. పడమట ఎర్రయ్య గానుగ, బెల్లం వండే రోజుల్లో అక్కడి పొగ కూడా మా ఇంటికే వస్తుంది. ఉత్తరాన కాసులమ్మ దడి. ఇది ఏటా మా వైపు కొంచెం జరుగుతోంది. అమలు జరిపేవారు టేపుతో వెళ్లాలి.

4. ఈ జాగా నాకెలా వచ్చిందో చెప్పకుండా ఎవరికీ ఇవ్వలేను.

1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం మీద జపాను వాళ్లు బాంబులు వేశారు. అక్కడి జనం మూటాముల్లె సర్దుకుని అనకాపల్లి వచ్చిపడ్డారు. పశువుల పాకకి కూడా అద్దె పుట్టింది. అప్పట్లో నేనూ, నా తోటికోడలు పుష్పకుమారీ, ఆమె భర్త అంటే నా మరిది ఎలియాజరూ, బట్టల వర్తకుడు త్రినాధరావు గారి పెరటి గదుల్లో ఉండేవాళ్లం. ఏసురాజు పోయి అప్పటికి రెండేళ్లయింది. త్రినాధరావు గారు ఒక ఉదయం చేతులు నలుపుకుంటూ వచ్చి, “పట్నం నుంచి మా సుట్టాలొత్తన్నారమ్మా, వారంలో కాళీ సెయ్యాలి” అన్నారు. ఆ చుట్టాలను తర్వాత చూశాం. రెట్టింపు అద్దె ఇచ్చే చుట్టాలు. ఆయన భార్యకు మూడు కాన్పులు చేసింది నేను. మూడోవాడు ఎదురుకాళ్లతో పుట్టాడు. ఆ సంగతి ఆ ఉదయం ఆయనకు గుర్తు రాలేదు.

ఇక అద్దె కొంపల్లో చావకూడదని పుష్పకుమారీ నేనూ జాగా వెతకడం మొదలుపెట్టాం. బెల్లం మార్కెట్టు వెనక ఒకటి చూపించారు. అక్కడ కందిరీగలకు తప్ప మనిషికి చోటు లేదు. శారదానది పక్కన ఒకటి. “వరద మాటే లేదమ్మా” అంటున్నాడు ఆసామి, ఆయన వెనక గోడ మీద నడుమెత్తున బురద చార. రైలు కట్ట దగ్గర ఒకటి. పుష్పకుమారి మాట సగంలో ఉండగా రైలొచ్చింది, అది పోయేదాకా ఆమె నోరు ఆడిస్తూనే ఉంది. ఇక్కడైతే మనిద్దరికీ తగువే రాదన్నాను. నచ్చిన చోట్ల మా పేర్లు అడిగారు. పేర్లు విన్నాక జాగా అమ్మడం లేదన్నారు.

జోగి గారి జాగా కనిపెట్టింది పుష్పకుమారి. నన్ను అక్క వరసన అప్పా అనేది. రొప్పుతూ వచ్చి, “అప్పా, దొరికింది! ఎత్తు మీదుంది, నీళ్లు నిలవవు. మన పేర్లు సెప్తే జోగి మావ నవ్వేడు, అంతే” అంది. ఉన్నది ఒక ఇంటికి సరిపడే జాగా. వాళ్లు కొనుక్కుని ఇల్లు కట్టి, నాకొక గది ఇస్తామన్నారు. మనసారా అన్నారు. కానీ అద్దె లేకపోయినా అది వాళ్ల ఇంట్లో గదే. నా జీవితమంతా ఒకరి గదిలో గడిచింది. నాకు ఇల్లు కావాలనిపించింది, అదీ ఆ జాగాలోనే కావాలనిపించింది. ఆశ పుట్టింది అని రాయమన్నాను. లేఖరి గారు దురాశ అని రాయబోయారు. ఆపాను.

5. నేను చేసిన పని.

ఇక్కడివాళ్లు జాగా కొనేముందు మూర పొడవు, మూర వెడల్పు, మూర లోతు గొయ్యి తవ్వి, పొద్దెక్కాక ఆ మన్నే మళ్లీ దాన్లో పోస్తారు. మన్ను మిగిలితే జాగా కలిసొస్తుంది. సరిపోతే సరి. తగ్గితే ఆ జాగా మనిషిని తింటుందని పేరు. మా గుళ్లో ఇలాంటివి నమ్మకూడదు. నమ్మకూడదని ప్రతి గురువారం పేటలో అందరినీ కూర్చోబెట్టి చెప్పేది మా ఎలియాజరే. ఆయన గుడి ఉపదేశి. చాలా చక్కగా చెప్పేవాడు. ఆ ఎలియాజరు ఒక ఆదివారం తెల్లారగానే పలుగును గోనెలో చుట్టుకుని, తల గుడ్డ ముక్కు మీదికి లాక్కుని, జోగి గారి జాగాలో గొయ్యి తవ్వాడు.

ఇంతలో పూజ గంట మోగింది. ఉపదేశి కనిపించకపోతే ఫాదరు గారు అడుగుతారు. మొగుడూ పెళ్లాలు గుడికి పరుగెత్తారు. నా మోకాలు నొప్పనీ, నేను మన్నుకు కాపలా ఉంటాననీ చెప్పాను. కాపలా బాగానే ఉన్నాను. వాళ్లు మలుపు తిరగగానే ఆ కుప్పలోంచి రెండు తట్టల మన్ను ఎత్తి చెరకు తోటలో పారబోశాను. నడుము పట్టేసింది, మోకాలు మాత్రం ఒక్కసారి కూడా నొప్పి పెట్టలేదు.

వాళ్లు తిరిగొచ్చి మన్ను పోశారు. జానెడు తగ్గింది. ఎలియాజరు గడ్డిలోనూ గట్టు కిందా చేత్తో తడిమి, “వదినా, మన్నేటయిపోయింది?” అన్నాడు. “ఏటవుతాది? ఉన్నదంతా అదే” అన్నాను. ఇంకెవరినైనా అడుగుదామంటే ఎలా అడుగుతాడు? ఉపదేశి గొయ్యి తవ్వాడని ఊరికి తెలుస్తుంది. నేను నమ్ముకున్నది దాన్నే.

మర్నాడు నేను జోగి గారికి బయానా ఇచ్చాను. అది విని పుష్పకుమారి, మళ్లీ ఆదివారం పూజ అయ్యాక, గుడి వాకిట్లో నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. “ఒద్దప్పా, ఆ జాగా మనిసిని తినేత్తాది. నువ్వు మా కాడే ఉండు” అంది. ఆమె కోపపడుతుందనుకున్నాను గానీ నాకోసం ఏడుస్తుందనుకోలేదు. సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు నా గొంతు పెద్దదవుతుంది. “ఉపదేశి గారింట్లో గొయ్యి తవ్వి మన్ను కొలుత్తారని ఊరందరికీ సెప్పమంతావేటి?” అని అరిచాను. ఊరందరూ అక్కడే ఉన్నారు.

మూడు నెలలు ఎలియాజరును పాఠం చెప్పవద్దన్నారు ఫాదరు గారు. ఆయన గుళ్లో వెనక వరసలో, చెప్పుల దగ్గర కూర్చున్నాడు. నన్ను చూస్తే “బాగున్నావా వదినా” అనేవాడు. పుష్పకుమారి అనలేదు. ఆరేళ్లు నాతో మాట్లాడలేదు. రెండేళ్ల క్రితం ఎలియాజరు పోయినప్పుడు వెళ్లి, ఆ చెప్పుల దగ్గరే నిలబడి వచ్చాను.

6. శుక్రవారం సంగతి.

రెండు తట్టల మన్ను సంగతి ఒప్పుకుని, ఇల్లు పుష్పకుమారికి రాశాను. ఆమె మొండిది, వద్దంటుందని తెలుసు. అందుకని ఆమె వద్దంటే ఇల్లు త్రినాధరావు గారికి చెందుతుందని ఇంకో మాట చేర్చాను. ఆ మాట తోచినందుకు రెండు రోజులు నాలో నేనే నవ్వుకున్నాను. నేను పోయాక చదివితే ఆమె ముఖం నాకు కనిపించదు. బతికుండగా చెబుదామంటే భయం. నిజంగా భయమే. కాగితమైతే లేఖరి గారు చదువుతారు కదా అని, ఆయననూ సాక్షులనూ వెంటబెట్టుకుని ఆమె అద్దె గది అరుగు మీదికి వెళ్లాను. ఆరేళ్లలో ఆమెకది ఐదో గది. లోపల వాన నీళ్లకు పెట్టిన గిన్నెలు నాలుగు కనిపించాయి.

ఆమె చేటలో బియ్యం ఏరుకుంటూ, మమ్మల్ని చూడనట్టే విన్నది. రెండు తట్టలు అన్నచోట చెయ్యి ఆగింది. ఇల్లు నీకన్నచోట మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. ఆస్తి పుచ్చుకునేవారు సాక్షి సంతకం చేస్తే వారి భాగం చెల్లదని లేఖరి గారు అందరికీ హెచ్చరిక చెప్పారు. చెప్పకుండా ఉండాల్సింది. ఆమె లేచి, సాక్షి సంతకం చేయబోతున్న బాలన్న చేతిలో కలం లాక్కుని, సాక్షి దగ్గర ఇంత పెద్ద అక్షరాలతో పుష్పకుమారి అని పెట్టింది. “ఇప్పుడు సెల్లదు గదా? నీ ఇల్లు నాకొద్దు” అంది. ఆరేళ్ల తర్వాత నాతో అన్న మొదటి మాట. ఆ మాట వినబడిన సంతోషంలో కోప్పడడం మర్చిపోయాను.

అప్పుడు లేఖరి గారు దగ్గి, అలాగైతే ఇల్లు త్రినాధరావు గారిదవుతుందని చదివారు. “ఆడికా?” అంది పుష్పకుమారి. ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. తర్వాత లోపల పొయ్యి మీద అన్నం మాడేదాకా నన్ను తిట్టింది. మన్ను గురించి తిట్టలేదు. “మన్ను పోతే పోనీ. జాగా నాక్కావాలి సెల్లీ అని ఒక్క మాటడిగితే ఇచ్చెయ్యమా? ఆయన్ని తీసుకెళ్లి సెప్పుల కాడ కూకోబెట్టేవు” అంది.

అందుచేత ఈ కలము నేను పోయాక కాదు, వచ్చే ఆదివారం పూజ అయ్యాక, గుడి వాకిట్లో అందరి ముందూ చదవాలి. చదువుతుండగా నేను అక్కడే నిలబడతాను. ఎలియాజరూ, మన్ను నేనే తీశాను. జాగాలో తప్పు లేదు, నీ కొలతలో తప్పు లేదు. నన్ను క్షమించు. ఆపైన మూడు నెలలు వెనక వరసలో నేను కూర్చుంటాను.

7. ఇల్లు. పుష్పకుమారి బుధవారం నాడు సామాన్లతో వస్తుంది. తూర్పు గది ఆమెది. గురువారాలు ఆమె ఎంత తిట్టినా నేను ఎదురు చెప్పకూడదని షరతు పెట్టింది, ఒప్పుకున్నాను. బతికినన్నాళ్లూ ఇల్లు ఇద్దరిదీ. ఇద్దరిలో మిగిలినవారు సర్వహక్కులతో అనుభవించాలి. త్రినాధరావు గారికి ఏమీ లేదు.

నేను పెద్దదాన్ని, ముందు పోయేది నేనే కాబట్టి చివరికి ఇల్లు పుష్పకుమారిదే అవుతుందని రాయించబోయాను. పక్కనే కూర్చున్న ఆమె, “జాగా కాడా నువ్వే ముందు. పోడానిక్కూడా నువ్వే ముందెల్లాలేటప్పా?” అంది. లేఖరి గారు కలం ఆపారు. నేను ఏడ్చాను. అందుచేత ఎవరు ముందన్నది ఈ కాగితంలో రాయించలేదు.

అనకాపల్లి, 1948 నవంబరు 15, సోమవారం.

చదివించుకుని విని, ఒప్పుకుని చేసిన సంతకం: గుమ్మాల ఆరోగ్యమేరి

సాక్షులు:
మళ్ల బాలన్న, గానుగ పనివాడు
లోవమ్మ, పాల వర్తకురాలు (వేలిముద్ర)

రాసినది: దస్తావేజు లేఖరి సన్యాసిరావు. సంతకాలు అయ్యేదాకా కలం పుష్పకుమారి చేతికి అందకుండా చూసినది కూడా నేనే.