బాత్రూము తలుపు

నరసన్నపేట, మంగళవారం రాత్రి. వాన.

వరస గదుల వెనకున్న బాత్రూము తలుపు ఈ ఉదయం ఊడదీయించాను. స్థలం ఖాళీ అయితేనే అపార్ట్‌మెంటు పని మొదలుపెడతానని బిల్డరు భీష్మించుకు కూర్చున్నాడు. అద్దెకున్నవాళ్ళంతా వెళ్ళిపోయారు, చేపలమ్మే పైడమ్మా దాని కూతురూ తప్ప. నోరు తెరిచి పొమ్మంటే వీధంతా నన్నే ఆడిపోసుకుంటుంది. ఆడవాళ్ళున్న చోట ఆ తలుపు తీసేస్తే చాలు, వాళ్ళే పోతారు.

సాయంత్రం పైడమ్మ చేపల బుట్ట దించి అడిగింది. "తలుపు ఏటైపోనాదమ్మా?"

"రిపేరుకి పంపినాను."

"ఎప్పుడొస్తాది?"

"వస్తాదిలే."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గదిలోంచి ఒక చీర తెచ్చి బాత్రూము గుమ్మానికి కట్టింది. కూతురు లోపలికి వెళితే, చీర గాలికి ఎగరకుండా అంచు పట్టుకుని తను వానలో నిలబడింది. ఇలాగైతే వీళ్ళు ఏడాదైనా కదలరు.

మేడ మీద నుంచి చూస్తూ ఆ చీర గుర్తుపట్టాను. పోయినేడు నా కాలు విరిగినప్పుడు నెల్లాళ్ళు నన్ను పట్టుకుని బాత్రూముకి నడిపించినందుకు నేను పెట్టిందే. దాని దగ్గర చిరుగు లేని చీర అదొక్కటే కాబోలు.

రేపు ఉతికి తిరిగి ఇచ్చెయ్యమంటాను.