ఎలోయ్ సామికి దసరా బొట్టు

రోమీ భాయ్,

నీకు తెలుగు రాదు. బతికున్నప్పుడు రానిది సచ్చినంక వస్తదా? అయినా రాస్తున్న.

ఇయ్యాల దసరా. ఈ గల్ఫ్ దేశంల, మన వుకైర్ లేబర్ క్యాంపుల పనిముట్లకు పూజ చేసినం. నీ వెల్డింగ్ మిషన్ మీద నువ్వు అతికించిన ఎలోయ్ సామి బొమ్మకు గూడ బొట్టు పెట్టిన. ఎనుకట ఫ్రాన్సుల కంసాలాయన బిషప్ అయిండని, గుర్రం కాలు తీసి, నాడ కొట్టి, మళ్ల అతికించిండని, ఇనుప పనోళ్లను ఆయనే కాపాడుతడని చెప్తుంటివి.

ప్రపంచకప్ స్టేడియంల స్కాఫోల్డింగ్ కూలిననాడు నువ్వు కింద పడ్డవు. మిషన్ కేబుల్‌కు ఏలాడుకుంట మిగిలింది.

ఇయ్యాల మా జగిత్యాల ఫోర్‌మన్ కొబ్బరిముక్క నములుకుంట నీ మిషన్‌ను కొత్త వెల్డర్‌కు ఇచ్చిండు. "ఈ సామి మస్తు సత్తెమున్నోడు. అంత పెద్ద యాక్సిడెంట్ల మిషన్‌కు గీత గూడ పడలే" అన్నడు.

కొత్తోడు దండం పెట్టిండు. నేను గూడ పెట్టిన భాయ్. రేపు ఆనితోని పైకెక్కేది నేనే.