బెత్తెడు ముందుకు

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ, పిల్లా బాగానే ఉన్నాం. కారు మా ఇద్దరికంటే బాగుంది. మీ ఒంట్లో కూడా బాగుందనే అనుకుంటున్నాను. మీ రెండు పేజీల ఉత్తరంలో పేజీన్నర సీట్ల గురించే ఉంది. ఒంట్లో బాగాలేని మనిషికి అంత ఓపిక ఉండదు.

అడిగినవాటికి జవాబులు. సీట్లు వచ్చాయి. తుక్కుకి పోయిన వేరే కారులోవి, నల్లవి. ఒకదాని అంచు చిరిగి ఉంటే నేనే కుట్టాను. పాతవి విప్పడానికే రెండు రోజులు పట్టింది. తుప్పు పట్టిన నాలుగో బోల్టు ఎంతకీ కదలదే! నూనె పోశాను, తిట్లూ పోశాను, చివరికి దాని తల కోసేశాను. సీటు కింద ఎవరిదో పాత కళ్లజోడు దొరికింది.

కొత్తవి పెట్టి చూసేటప్పుడు ఒక తెలివితక్కువ పని చేశాను. కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ పెట్టేశాను. వెనక్కి వాల్చే మీట రెండు సీట్ల మధ్య ఇరుక్కుపోయి చెయ్యి దూరలేదు. మళ్లీ తీశాను. పిల్ల పడీ పడీ నవ్వింది. "నాన్నకి రాయకులే అమ్మా" అంది. రాస్తున్నాను చూడండి.

ఫొటోలు తీసే మీ స్నేహితుడు కారు చూడ్డానికి వచ్చి వెళ్లారు. అప్పుడు నేను కారు కింద ఉన్నాను, కాళ్లు మాత్రమే బయట. "ఏవయ్యా, లోపల మేడమ్ ఉన్నారా?" అని నన్నే అడిగారు. బయటికి వచ్చాను. నన్ను చూసి నవ్వేశారు.

"మావాడు సెలవుకి వచ్చినప్పుడల్లా చేతులు కాయలు కాచేలా పని చేశాట్టగా! మీకైతే స్పానరుకీ గరిటెకీ తేడా తెలీదన్నాడు. మీరూ సరదాగా ఓ చెయ్యి వేస్తున్నారా?"

"అవునండీ, సరదాగానే" అన్నాను. టీ పెట్టి ఇచ్చాను. కప్పుకి గ్రీజు అంటింది.

ఈ పాత కారు కొని బాగుచేయడం మొదలుపెట్టిన మూడేళ్లలో మీరు వచ్చింది నాలుగుసార్లు. వచ్చినప్పుడల్లా బానెట్ ఎత్తి చూశారు, దించారు. పిల్ల తీసి పంపిన ఫొటోలు మీ ఆఫీసు గోడకి అంటించారట. వాటిలో పని చేస్తున్న ఆ చేతులు ఎవరివని ఒక్కరూ అడగలేదా? సొమ్మొకడిది, సోకొకడిది. ఆ రోజు నాకు కడుపు మండిపోయింది. ఇంకా చల్లారలేదు.

ఇక చెప్పాల్సిన మాట. "నేను వచ్చేదాకా కారు తీయకు. మొదటిసారి నేనే నడుపుతాను, నువ్వు పక్కన కూర్చుందువుగాని" అని రాశారు. పెడళ్ల నుంచి సీటు దాకా మీ కాళ్ల కొలత కూడా పంపారు. కొత్త సీట్ల పట్టాలు పాత రంధ్రాలకి కలవలేదు. కారు నేలకి కొత్త రంధ్రాలు వెయ్యాల్సి వచ్చింది. ఎక్కడ వెయ్యాలో గుర్తు పెట్టడానికి వెల్డింగు మేస్త్రీ సుద్దముక్క పట్టుకుని కూర్చున్నాడు. నేను మీ కొలత కాగితం మడిచి పక్కన పెట్టాను. డ్రైవరు సీటులో కూర్చుని, క్లచ్ పూర్తిగా తొక్కి చూసుకుని, "ఇక్కడ" అన్నాను.

"ఇంకో బెత్తెడు వెనక్కుండాలమ్మా, సారు పొడుగు కదా. రంధ్రం పడితే పడినట్టే. సారుని ఓ మాట అడగండి" అన్నాడు.

"సారే చెప్పారు" అన్నాను.

పదేళ్ల కాపురంలో మీ పేరు చెప్పి నేను ఆడిన అబద్ధం అదొక్కటే. మేస్త్రీ పాత రంధ్రాలు పూడ్చేశాడు. ఇప్పుడు ఆ సీటు ఎంత వెనక్కి లాగినా మీ మోకాళ్లు స్టీరింగుకి కొట్టుకుంటాయి. మీకు కోపం వస్తుందని తెలుసు. రానివ్వండి. పోయిన నెల నాకు లైసెన్సు వచ్చింది, అదీ మీకు రాయలేదు. నిన్న పిల్లని బడికి కారులోనే దింపాను. దారి పొడుగునా అది చెయ్యి బయటపెట్టి కనిపించినవాళ్లందరికీ ఊపింది.

ఏ రోజు వస్తున్నారో రాయండి. స్టేషనుకి నేనే వస్తాను. పక్క సీటు మాత్రం మీరు పంపిన కొలతకే బిగించాను. కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు.

ఇట్లు,
స్పానరుకీ గరిటెకీ తేడా తెలియని
మీ ఆవిడ