టెంపోరల్ లోబుకు కసరత్తు

జనవరి 5, సోమవారం

నిర్ణయం అయిపోయింది! ఈ ఏడాది బండి తొయ్యను. పాన్ వాయిస్తాను.

కార్నివాల్ పోటీకి ఇనుప పీపాలు కోసి చేసిన మా బ్యాండు వాయిద్యాలు, స్టీల్ పాన్‌లన్నీ చక్రాల బండ్ల మీద ఎక్కిస్తాం. వాటిని సవన్నా మైదానంలోని వేదిక మీదకు ఏళ్ల తరబడి తోస్తున్నది నేను. బండి మీద నిలబడి వాయించేది మా జోస్లిన్ అక్క. చప్పట్లు ఆవిడకి, నడుం నొప్పి నాకు.

ఒక్కటే చిక్కు. మా పాట కాగితం మీద ఉండదు. ఐన్స్‌లీ మాస్టారు ఒక్కో ముక్క వాయించి చూపిస్తారు, చెవితో పట్టుకోవాలి. పోటీ ముందు ఒక్కొక్కళ్లనీ నిలబెట్టి వాయించమంటారు. రానివాళ్లు ఔట్!

అక్క పడీ పడీ నవ్వింది. "పొయ్యి మీద పెట్టిన కందులే గుర్తుండవు నీకు, పాట గుర్తుంటుందటే వెర్లిన్?"

చూస్తూ ఉండు.

జనవరి 6

అక్క కూతురు కెర్లిసా నర్సింగ్ చదువుతోంది. జ్ఞాపకం పెరగాలంటే ఏం చెయ్యాలని దాన్నే అడిగాను.

"మెదడులో, చెవుల పైన, కణతల లోపల టెంపోరల్ లోబ్ అని ఉంటుంది పిన్నీ. విన్నది పట్టుకోవడం, మాటల అర్థం, జ్ఞాపకాలు, మనుషుల మొహాలు, వాసనలు... వీటన్నిట్లో దాని చెయ్యి ఉంటుంది."

"ఒక్కదానికే ఇంత చాకిరీనా! అయితే అది నాలాంటిదే."

కసరత్తు పట్టిక: పొద్దున వాసనలు. మధ్యాహ్నం మొహాలు. సాయంత్రం బ్యాండు సాధన చేసే యార్డులో పాటంతా ఫోన్‌లో రికార్డు చేసి, అరిగిపోయేదాకా వినడం. పంచదార కూడా మానేస్తాను. దానికీ దీనికీ సంబంధం లేదు, ఊపులో ఉన్నాను అంతే.

జనవరి 7

మొహాలు. మార్కెట్లో లెజాండ్ర్ గారిని దూరం నుంచే గుర్తుపట్టేశాను! "ఆపరేషన్ బాగా జరిగిందాండీ?" అన్నాను.

ఆయన లెజాండ్ర్ గారు కాదు, వాళ్ల తమ్ముడు. అన్నగారు ఆపరేషన్ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. ఇప్పుడు అందరికీ తెలిసింది.

మొహాల కసరత్తు రద్దు.

జనవరి 10, శనివారం

వచ్చేసింది!! పాట మొత్తం! బస్సులో వింటున్నాను, స్నానానికి వెళ్తూ వింటున్నాను, అన్నం ముందు గరిటెతో వాయిస్తున్నాను.

"ఆ పళ్లెం ఏం పాపం చేసిందే?" అంది అక్క. కుళ్లు!

జనవరి 15, గురువారం

కొంప మునిగింది.

మాస్టారు నిన్న పాట మధ్యభాగం మొత్తం మార్చేశారు. ఏటా మారుస్తారు, పోటీ రోజు దాకా మారుస్తూనే ఉంటారు. ఇన్నేళ్లు యార్డులో ఉండి ఆ మాటే మరిచిపోయాను. నిన్న నేను యార్డుకు వెళ్లలేదు, ఇంట్లో ఫోన్ వింటూ కూర్చున్నాను. ఇవాళ అందరి చేతులూ ఒక దారి, నా చేతులు ఒక్కటే పాత దారి.

మాస్టారు ఆపించారు. "వెర్లినమ్మా, నువ్వు శనివారం పాట వాయిస్తున్నావు. ఇవాళ గురువారం."

యార్డంతా ఒకటే నవ్వు. అందరికంటే గట్టిగా నవ్వింది ఎవరో చెప్పక్కర్లేదు.

పాత ముక్క తల్లోంచి పోవడం లేదు. "చెరిపెయ్యడం ఎలాగే?" అని కెర్లిసాని అడిగాను. "దానికి బటన్ ఉండదు పిన్నీ" అంది.

జనవరి 19

మాస్టారు మళ్లీ మార్చారు. నేను మళ్లీ రికార్డు చేశాను. ఇప్పుడు నా దగ్గర ఒకే పాట మూడు రకాలుగా ఉంది.

నిద్రపోతే జ్ఞాపకం గట్టిపడుతుందని కెర్లిసా చెప్పింది. అందుకే ఇవాళ సాధన మాని పడుకున్నాను. శాస్త్రప్రకారమే.

జనవరి 20

వాన. వాసన కసరత్తు మాత్రమే. వేడివేడి డబుల్స్ రొట్టెలు, మీద శనగల కూర, మిరపకాయ పచ్చడి. రెండు తిన్నాను. వాసన సరిగ్గా అందలేదని ఇంకొకటి తిన్నాను.

జనవరి 22

చెవులకు విశ్రాంతి.

జనవరి 23

చెవులకు ఇంకా అలసట తీరలేదు. పంచదార వేసుకున్నాను.

జనవరి 28, బుధవారం

ఇవాళ ఒక్కొక్కళ్లనీ వాయించమన్నారు.

మొదలు బాగానే వచ్చింది. మధ్యకు వచ్చేసరికి మూడు పాటలూ ఒకేసారి మీద పడ్డాయి. ఏది ఏదో తెలీలేదు. చేతులు ఆగిపోయాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు, అక్క కూడా. నవ్వి ఉంటే బాగుండేది.

"చాల్లేమ్మా" అన్నారు మాస్టారు. "బండి నువ్వే తోద్దువుగాని. నీలా వంకర పోకుండా తోసేవాళ్లు ఇంకొకరు లేరు."

ఆ మెచ్చుకోలుకే ఏడుపొచ్చింది. ఇంటికొచ్చి ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చుని ఏడ్చాను. రికార్డులన్నీ తీసేశాను. టెంపోరల్ లోబు నశించుగాక!

ఫిబ్రవరి 14, కార్నివాల్ శనివారం

తోశాను. వంకర పోలేదు.

పాట మొదలయ్యాక తోసేవాళ్లు బండి వెనక ఊరికే నిలబడాలి. నేనూ ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఎప్పుడు మొదలయ్యాయో, నా వేళ్లు కమ్మీ మీద వాయిస్తున్నాయి. మధ్యభాగం వచ్చింది. మాస్టారు మొన్న గురువారం మార్చిన ముక్కతో సహా వచ్చింది! ఫోన్ లేదు, పళ్లెం లేదు. రోజూ యార్డులో చక్రాలకు గ్రీజు రాస్తూ విన్నదే. చివరిదాకా ఒక్క తప్పు పోలేదు. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

వేదిక దిగుతుంటే మాస్టారు పక్కకు వచ్చారు. "చూశాన్లే. మూడో బండి మీద ఒకడు తప్పాడు, నువ్వు తప్పలేదు."

"మరి యార్డులో ఎందుకు రాలేదండీ?"

"యార్డులో నువ్వు ఫోన్‌లో ఉన్నదాన్ని వెతుక్కున్నావు. ఇక్కడ పక్కవాళ్లను విన్నావు."

సంతోషంతో ఎగరాలో, ముందే చెప్పనందుకు ఆయన్ని ఆ బండి కిందకు తొయ్యాలో తెలీలేదు.

ఫిబ్రవరి 18, బూడిద బుధవారం

నుదుట బూడిద. ఈస్టర్ దాకా ఊరంతా ఏదో ఒకటి మానేస్తుంది. అక్క రమ్ మానేసిందట, పాపం ఎన్నాళ్లో!

నేను ఫోన్‌లో పాట వినడం మానేస్తున్నాను. రోజూ యార్డుకు వెళ్లి, మనుషుల మధ్య కూర్చుని, చెవులతో వినడం. ఇదీ కొత్త కసరత్తు, మొదటి రోజు.

ఆదివారాలు ఉపవాసం లెక్కలోకి రావని ఫాదర్‌ని అడిగి ఖాయం చేసుకున్నాను. కాబట్టి ఆదివారం ఫోన్ వినొచ్చు. కొద్దిగా.

వచ్చే కార్నివాల్‌కి ఆ బండి తొయ్యడానికి వేరే ఎవరినైనా చూసుకోండి.